శ్రోత వైపు నుంచి రేడియో చరిత్ర: హెడ్‌ఫోన్ డ్రైవర్లు, వాటి బదులు భాగాలు – దిగువ కృష్ణా డెల్టా

గత పాఠంలో మీరు ప్రసార కేంద్రాల చరిత్ర చదివారు. ఏ కేంద్రం ఏ సంవత్సరంలో మొదలైంది, ఎవరి ఆధ్వర్యంలో నడిచింది అన్న విషయాలు అందులో చూశారు. ఈ పాఠంలో అదే చరిత్రను రెండో కొస నుంచి, అంటే వినేవారి చెవి దగ్గర నుంచి పరిశీలిద్దాం. కేంద్రం ఎంత పెద్దదైనా, దాని ప్రసారం చివరకు అంగుళమో రెండంగుళాలో వెడల్పున్న ఒక పలుచని పొర కదిలితేనే మాటగా మారుతుంది. ఆ పొర పాడైతే కేంద్రం ఉన్నా లేనట్టే. కాబట్టి ఒక ప్రాంతంలో రేడియో ఎవరికి వినిపించింది అని అడిగేటప్పుడు, ఆ పొర ఏ రకానిది, పాడైతే దాని స్థానంలో ఏది పెట్టగలిగేవారు అన్న ప్రశ్న కూడా అడగాలి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుందాం.

డ్రైవర్ అంటే ఏమిటి?

ఇక్కడ డ్రైవర్ అంటే బస్సు నడిపేవాడు కాదు. విద్యుత్ సంకేతాన్ని గాలి కదలికగా మార్చే భాగానికి ఆ పేరు. మీ ఊళ్లో పెళ్లికో, నాటకానికో మైకుసెట్టు పెట్టినప్పుడు బాకా వెనుక గుండ్రంగా బిగించే బరువైన ముక్కను చూసే ఉంటారు. దాన్ని ‘యూనిట్’ అంటారు. అదీ డ్రైవరే. హెడ్‌ఫోన్‌లో ఉండేది దానికి చిన్న తమ్ముడు.

1876లో గ్రాహంబెల్ టెలిఫోన్‌తో మొదలైన రకంలో ఒక శాశ్వత అయస్కాంతం, దాని కొసలకు చుట్టిన సన్నని రాగి తీగ, ఎదురుగా పలుచని ఇనుప రేకు ఉంటాయి. తీగలో విద్యుత్తు మారినప్పుడల్లా రేకు లోపలికీ బయటికీ కదులుతుంది. కదిలేది ఇనుము కాబట్టి దీన్ని కదిలే ఇనుము రకం అందాం. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్విన్ ఇదే సూత్రాన్ని మెరుగుపరచి 1910 ప్రాంతంలో తన వంటింట్లోనే హెడ్‌ఫోన్లు తయారుచేసి ఆ దేశ నౌకాదళానికి అమ్మాడు. సొంతంగా హెడ్‌ఫోన్ చేసుకోవాలన్న ఉత్సాహం ఈనాటిది కాదని, ఆ వస్తువు పుట్టుకలోనే ఉందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

రెండో రకంలో ఇనుప రేకు ఉండదు. రోషెల్ లవణం వంటి స్ఫటికానికి విద్యుత్ పీడనం ఇస్తే అది వంగుతుంది. క్యూరీ సోదరులు 1880లో వివరించిన పీజో ధర్మంతో సంబంధమున్న గుణం ఇది. ఆ వంపుతో ఒక పొరను కదిలిస్తే శబ్దం వస్తుంది. మూడోది కదిలే తీగచుట్ట రకం. ఇందులో అయస్కాంతం కదలదు, పొరకు అతికిన తీగచుట్టే కదులుతుంది. 1925లో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు ఈ సూత్రంతో ఆధునిక లౌడ్‌స్పీకర్‌ను రూపొందించారు. 1937లో జర్మనీలోని బేయర్ సంస్థ డిటి 48 పేరుతో దీన్ని హెడ్‌ఫోన్‌కు తెచ్చింది. ఈ రోజు మీరు చెవికి పెట్టుకునేవాటిలో అధిక భాగం ఈ రకానివే.

మద్రాసు దూరం, బెజవాడ దగ్గర

దక్షిణాదిలో ప్రసారాలకు నాంది 1924లో ఏర్పడిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు. దానిది 40 వాట్ల చిన్న ప్రసారిణి. డబ్బు చాలక 1927లో క్లబ్బు మూతపడింది. 1930లో మద్రాసు కార్పొరేషన్ ప్రసారాలను చేపట్టింది. 1938 జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రం మొదలైంది. బందరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నా, మద్రాసు నుంచి నేరుగా కొలిస్తే సుమారు 350 కిలోమీటర్ల దూరం. అంత దూరపు ప్రసారాన్ని నమ్మకంగా వినాలంటే వాల్వు రేడియో, దానికి బ్యాటరీలు లేదా కరెంటు, పైగా లైసెన్సు కావాలి. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా గ్రాహకం దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది. కాబట్టి ఆ దశలో రేడియో ప్రధానంగా డబ్బున్న ఇళ్ల వస్తువు.

1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యాక లెక్క మారింది. నేరుగా కొలిస్తే గుడివాడకు 40 కిలోమీటర్లు, అవనిగడ్డకు 60 దాటి, మచిలీపట్నానికి 65 దాకా వస్తుంది. ఈ దూరాల్లో బ్యాటరీ అవసరం లేని స్ఫటిక గ్రాహకం, అంటే క్రిస్టల్ సెట్టు, పనిచేసే అవకాశం ఉంది. ఒక తీగచుట్ట, ఒక గెలీనా స్ఫటికం లేదా తర్వాతి కాలపు జెర్మేనియం డయోడ్, పొడవాటి ఏరియల్, నేలలోకి ఒక ఎర్తు తీగ, ఒక హెడ్‌ఫోన్ ఉంటే చాలు. గెలీనాను గ్రాహకంగా వాడే పద్ధతికి 1904లో పేటెంటు పొందినవాడు మన జగదీశ్ చంద్ర బోసు.

ఇక్కడ డెల్టా నేల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మధ్యతరంగ ప్రసారం పగటిపూట నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తుంది. నేల తడిగా, ఉప్పగా ఉంటే దాని విద్యుద్వాహకత ఎక్కువ, తరంగం నష్టపోయేది తక్కువ. రాయలసీమ రాతినేలలో ఎర్తు కోసం లోతుగా తవ్వి బొగ్గు, ఉప్పు పోయాల్సి వస్తే, బందరులోనో నాగాయలంకలోనో నాలుగడుగుల ఇనుప కమ్మీ దిగ్గొడితే తడి తగులుతుంది. రైతుకు బెడదైన ఉప్పుచౌడు రేడియోకు మేలు చేసిందన్నమాట. ఇది భౌతికశాస్త్రం చెప్పే అవకాశం మాత్రమే. ప్రతి ఇంట్లో క్రిస్టల్ సెట్టు ఉందని దీని అర్థం కాదు.

చేతిపని విషయంలోనూ ఈ ప్రాంతం వెనుకబడినది కాదు. ప్రయోగశాల పరికరాలు చేసే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1926లో మచిలీపట్నంలో మొదలైంది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తీసుకుంది. పక్కనే చిలకలపూడి రోల్డుగోల్డు పనివారికి వెంట్రుక వంటి తీగతో పని నిత్యకృత్యం. వీరు హెడ్‌ఫోన్లు చేశారని చెప్పడం లేదు. తెగిన సన్నతీగను అతకగల చేతులు ఆ ఊళ్లో కొరత కాదని మాత్రమే చెబుతున్నాను.

పాడైతే బదులు ఏది?

క్రిస్టల్ సెట్టుకు సరిపడే పాత హెడ్‌ఫోన్‌పై ‘2000 ఓమ్‌లు’ అని ఉంటుంది. రెండు చెవులవీ వరుసగా కలిపితే 4000. ఈ రోజు బజారులో దొరికే హెడ్‌ఫోన్ డ్రైవర్‌పై ఎక్కువగా 32 ఓమ్‌లు అని ఉంటుంది. పాతది పాడైంది కదా అని దాని స్థానంలో కొత్తది తగిలిస్తే ఏమవుతుంది? దాదాపు ఏమీ వినపడదు. కొత్త డ్రైవర్‌లో లోపం లేదు, సెట్టులోనూ లేదు. ఆ రెండూ వేర్వేరు కాలాలకు చెందినవి.

దీన్ని కాలువ భాషలో అర్థం చేసుకోవచ్చు. చాలా ఎత్తు నుంచి సన్నని ధారగా పడే నీటికి తగ్గ చక్రం ఒకటి, బందరు కాలువలా ఎత్తు లేకుండా వెడల్పుగా పారే నీటికి తగ్గ చక్రం ఇంకొకటి. రెంటిలోనూ శక్తి ఉండవచ్చు, కానీ ఒకదాని చక్రం రెండోదానిలో తిరగదు. క్రిస్టల్ సెట్టు ఇచ్చేది సన్నని ధార. వోల్టేజీ ఉంటుంది, ప్రవాహం అత్యల్పం. అందుకే వేల చుట్ల సన్నతీగ ఉన్న కదిలే ఇనుము డ్రైవర్ దానికి సరిజోడు. 32 ఓమ్‌ల డ్రైవర్‌లో చుట్లు తక్కువ. దానికి వోల్టేజీ తక్కువైనా ప్రవాహం దండిగా కావాలి.

మరి 32 ఎక్కడి నుంచి వచ్చింది? జేబులో పెట్టుకునే పరికరాల నుంచి. 1979 జూలైలో వచ్చిన సోనీ వాక్‌మన్ రెండు చిన్న సెల్‌లతో, అంటే 3 వోల్టులతో నడిచింది. అంత తక్కువ వోల్టేజీతో తగినంత శబ్దం రావాలంటే హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ తక్కువగా ఉండక తప్పదు. ఆ అవసరమే ఈనాటి మొబైల్ దాకా కొనసాగింది. ఇంకోవైపు స్టూడియోలలో వాడే కొన్ని హెడ్‌ఫోన్లు 300, 600 ఓమ్‌లవి. టెలిఫోన్, ప్రసార తీగలకు 600 ఓమ్‌ల ప్రమాణం ఉండేది, ఆ పరికరాల మధ్య ఇమిడేలా చేసినవి ఇవి. డ్రైవర్ వెనుక అచ్చయిన అంకె దాని నాణ్యతకు మార్కు కాదు, అది ఏ యంత్రం కోసం పుట్టిందో చెప్పే చిరునామా.

పాత సెట్టుకు కొత్త డ్రైవర్ పెట్టే దారి లేకపోలేదు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. 4000ను 32తో భాగిస్తే 125, దాని వర్గమూలం సుమారు 11. అంటే ఒకవైపు చుట్లు రెండోవైపు కన్నా 11 రెట్లు ఉండాలి. పాత వాల్వు రేడియోలలో లౌడ్‌స్పీకర్‌కు ముందు ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇదే పని చేస్తుంది. నిష్పత్తి సరిగ్గా కుదరకపోయినా, ఏమీ లేకుండా కలిపినదానికన్నా చాలా మెరుగు. చచ్చిన రేడియో నుంచి తీసిన భాగం ఇంకో సెట్టుకు ప్రాణం పోయడం రేడియో మరమ్మతు వృత్తిలో మామూలు సంగతి.

ఇక స్ఫటిక రకం ఇయర్‌ఫోన్. దీని ఇంపిడెన్స్ చాలా ఎక్కువ కాబట్టి క్రిస్టల్ సెట్టుకు బాగా నప్పుతుంది, ధర కూడా తక్కువ. అయితే రెండు చిక్కులున్నాయి. ఒకటి, దానిగుండా ఏకముఖ విద్యుత్తు ప్రవహించదు. అందువల్ల డయోడ్ వెనుక విద్యుదావేశం పేరుకుని శబ్దం వికటిస్తుంది లేదా ఆగిపోతుంది. దానికి అడ్డంగా 47,000 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి కలిపితే ఆ ఇబ్బంది తీరుతుంది. పాత హెడ్‌ఫోన్‌లో తీగచుట్టే ఈ దారి ఇచ్చేది కాబట్టి అప్పట్లో ఎవరూ దాని గురించి ఆలోచించాల్సిన పని లేకపోయింది. రెండో చిక్కు వాతావరణానిది. రోషెల్ లవణం ఎండ వేడికీ, గాలి తేమకూ తట్టుకోలేదు. ఐరోపా గదిలో ఏళ్ల తరబడి ఉండే వస్తువు బందరు వేసవిలో ఒక పెంకుటింటి అటక మీద నిలవడం కష్టం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన పింగాణీ పీజో పదార్థాలు ఈ లోపాన్ని దిద్దాయి.

కదిలే ఇనుము రకానికి శత్రువు ఉప్పుగాలి. ఇనుప రేకుకు తుప్పు పడితే అది అయస్కాంతానికి అంటుకుపోతుంది. వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ తేమకు పచ్చబడి తెగుతుంది. కింద పడితే పాతకాలపు అయస్కాంతం బలం తగ్గుతుంది. కానీ మంచి గుణం ఏమిటంటే, ఇది విప్పి బాగుచేయగల వస్తువు. రేకు మార్చవచ్చు, తీగ తిరిగి చుట్టవచ్చు. నేటి కదిలే తీగచుట్ట డ్రైవర్‌లో పొర ప్లాస్టిక్, అయస్కాంతం తరచుగా 1980లలో వచ్చిన నియోడిమియం రకం. శబ్దంలో పాతవాటితో పోలికే లేదు, తుప్పు బాధా తక్కువ. కానీ పొర చిరిగితే అతకడం కుదరదు, మొత్తం డ్రైవర్ మార్చాల్సిందే. నా దృష్టిలో ఇది ప్రగతి, నష్టం రెండూ కలిసిన మార్పు. వినికిడి బాగుపడింది, మరమ్మతు చేసే చేతికి పని పోయింది.

మీలో ఎవరైనా ఇప్పుడు సొంతంగా హెడ్‌ఫోన్ కట్టుకోదలిస్తే రెండు మాటలు. ఒకే వోల్టు వద్ద 32 ఓమ్‌ల డ్రైవర్ 31 మిల్లీవాట్లు తీసుకుంటే, 300 ఓమ్‌లది 3 మిల్లీవాట్ల చిల్లర మాత్రమే తీసుకుంటుంది. మొబైల్‌కు రెండోది నీరసంగా వినిపించడానికి కారణం ఇదే. రెండు డ్రైవర్లను పోల్చేటప్పుడు రెంటి శబ్దాన్నీ సమానం చేయకపోతే, బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవి తీర్పు చెబుతుంది. ఒకే డ్రైవర్ వేరే గిన్నెలో బిగిస్తే వేరేగా వినిపిస్తుందని, చెవి చుట్టూ మెత్త సరిగా ఆనకపోతే కిందిస్థాయి శబ్దాలు పోతాయని కూడా గుర్తుంచుకోండి.

ఒక చెవి, ఊరంతా

హెడ్‌ఫోన్ ఒకరిది. ఒకరు పెట్టుకుంటే పక్కవారికి వినపడదు. 1950లలో ప్రభుత్వ సహాయంతో వచ్చిన సామూహిక శ్రవణ పథకం, ఊళ్లలో పంచాయతీ రేడియో దీనికి పూర్తిగా భిన్నమైనవి. అక్కడ డ్రైవర్ ఊరందరిదీ. 1960లలో ట్రాన్సిస్టర్ వచ్చి ఈ రెంటికీ మధ్య దారి చూపింది. అరుగు మీద పెడితే పదిమందికీ, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఒక్కరికీ.

ఈ తేడా వినోదానికే పరిమితమైతే దీని గురించి ఒక పాఠం అక్కరలేదు. 1864 నవంబర్ 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారని అంచనా. అప్పటికి రేడియో లేదు. 1977 నవంబర్ 19న దివిసీమ మీద సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం విరుచుకుపడింది. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు. ఈసారి రేడియో ఉంది, తుపాను హెచ్చరికలు ప్రసారమయ్యాయి. అయినా ఇంత ప్రాణనష్టం ఎందుకు జరిగింది?

కారణాలు అనేకం. గట్టి ఇళ్లు లేవు, ఎత్తైన ఆశ్రయాలు లేవు, పల్లపు నేల, తప్పించుకునే దారులు తక్కువ. ఇవి మొదట చెప్పుకోవాల్సినవి. మన పాఠానికి సంబంధించిన కారణం మరొకటి ఉంది. ప్రసారం జరగడం, అది చెవిన పడడం ఒకటి కావు. సెట్టు కొనలేని కూలి కుటుంబానికి హెచ్చరిక లేదు. సెట్టు ఉన్నా సెల్‌లు అయిపోయిన ఇంటికి లేదు. అన్నీ ఉన్నా ఆ వేళ సెట్టు ఆపి ఉంచిన ఇంటికి లేదు. వినాలని కూర్చున్నవాడికే రేడియో వినిపిస్తుంది. ఆపి ఉన్న రేడియో తనంతట తాను ఎవరినీ పిలవదు. కరెంటు అక్కరలేని క్రిస్టల్ సెట్టు కూడా ఈ విషయంలో అక్కరకు రాదు, ఎందుకంటే దాని డ్రైవర్ ఎవరో ఒకరి చెవికి ఆని ఉండాలి.

తర్వాతి కాలంలో వాతావరణ శాఖ చేసిన మార్పును ఈ కోణంలో చూస్తే దాని విలువ తెలుస్తుంది. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా పనిచేసే తుపాను హెచ్చరిక గ్రాహకాలను తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో మొదటగా అమర్చారు. ఏ ప్రాంతానికి ప్రమాదం ఉందో ఆ ప్రాంతపు గ్రాహకాలను మాత్రమే దూరం నుంచి మేల్కొలిపి, ముందు సైరన్ మోగించి, ఆ తర్వాత స్థానిక భాషలో హెచ్చరిక వినిపించే ఏర్పాటు అది. ఎవరూ స్విచ్చి వేయనక్కరలేదు, ఎవరూ చెవి ఆనించనక్కరలేదు. అయితే సైరన్ మోగిన కార్యాలయం నుంచి చివరి పాకల దాకా కబురు మళ్లీ మనిషే మోయాలి. అక్కడ పనికొచ్చేవి దండోరా, పెళ్లిళ్లకు వాడే అదే మైకుసెట్టు, అదే బాకా యూనిట్.

ఆధారాలు ఎక్కడ?

చరిత్ర విద్యార్థిగా మీకు రావలసిన సందేహం ఇది: విన్నవారి లెక్క ఎక్కడ దొరుకుతుంది? పోస్టాఫీసులు ఇచ్చిన లైసెన్సుల సంఖ్య సాధారణంగా వాడే ఆధారం. కానీ అది రెండు వైపులా తప్పుదారి పట్టించగలదు. లైసెన్సు లేకుండా ఇంట్లో కట్టుకున్న సెట్టు ఆ లెక్కలోకి రాదు. లైసెన్సు కట్టి, డ్రైవర్ కాలిపోయి మూలన పడిన సెట్టు లెక్కలో ఉంటుంది. అందువల్ల మరమ్మతు దుకాణాలు, అటకల మీది వస్తువులు, పెద్దవారి జ్ఞాపకాలు కూడా ఆధారాలే.

ఈ పాఠానికి అభ్యాసంగా మీ ఊళ్లోనో, పక్క పట్టణంలోనో ఉన్న పాత రేడియో మెకానిక్ దగ్గరకు వెళ్లండి. ఏ భాగం ఎక్కువగా పాడయ్యేది, దాని బదులు ఏది పెట్టేవారు, సరుకు ఎక్కడి నుంచి వచ్చేది అని అడిగి ఆయన మాటల్లోనే రాసుకోండి. పాత హెడ్‌ఫోన్ దొరికితే మల్టీమీటర్‌తో నిరోధం కొలవండి. ఒక్కో చెవికి వెయ్యి, రెండువేల ఓమ్‌లు చూపిస్తే అది కదిలే ఇనుము రకం కావచ్చు. 30కి కాస్త అటూ ఇటూ చూపిస్తే వాక్‌మన్ కాలం తర్వాతిది. అసలు ఏమీ చూపించకపోతే తీగ తెగిందని తేల్చేయకండి, స్ఫటిక రకం మంచిదైనా అలాగే చూపిస్తుంది. 1.5 వోల్టుల సెల్‌కు దాని రెండు కొసలను ఒక్క క్షణం తాకించండి, డ్రైవర్‌ను మాత్రం చెవికి కొద్ది దూరంలో పట్టుకోండి. టిక్కుమని వినిపిస్తే అది పనిచేస్తున్నట్టే. ఆ వస్తువు ఎవరిది, ఎప్పటిది, దానితో ఏ కేంద్రం వినేవారు అన్నది మీ నోటుపుస్తకంలో రాయండి.